గంటలు విప్పిన మంద

పోతుమేకను మోకాళ్ల మధ్య ఇరికించి పుల్లయ్య దాని మెడలోని గంట విప్పుతున్నాడు. ముడి బిగుసుకుపోయింది. అరిగిన గోళ్లకు పట్టు చిక్కక పంటితో లాగాడు. పగిలిన పెదవి నెత్తురు తాడుకు అంటింది. మిగతా గంటలన్నీ అప్పటికే దొడ్డి గుంజకు వేలాడుతున్నాయి.

దారిన పోతున్న బాబూరావు మోటారుసైకిలు ఆపాడు.

"ఏంది మామా, తెల్లోడు మళ్లీ వచ్చి పుల్లరి అడిగాడా?"

"మా తాత విప్పాడు, మా నాయన విప్పాడు. నేనూ విప్పుతా."

"వాగవతలోళ్లు రారులే. ఎలక్షన్లప్పుడు తలకాయలు పగిలినయ్యి గదా. మేకలతోనే మీటింగు పెట్టుకో."

"మేకలే నయం రా. ఓట్లడగవు."

బాబూరావు పగలబడి నవ్వుతూ పోయాడు. పుల్లయ్య నవ్వలేదు. కిందటేడు నిజంగానే ఎవరూ రాలేదు. ఈ ఏడూ రాకపోతే ఆ ఆనవాయితీ తనతోనే పోతుంది. గుండెలో నొప్పి మొదలైనప్పటి నుంచి అతనికి అదే దిగులు.

తెల్లదొరల కాలంలో అడవిలో గొడ్డు మేయాలంటే పుల్లరి కట్టాలి. కట్టబోమన్న ఊరి మందను గంటల మోతను బట్టి పసిగట్టి, బంట్రోతులు బందెలదొడ్డికి తోలేవారు. ఏ ఊరికి ఆ ఊరు ఎదురు తిరిగి ఓడిపోయింది. చివరికి ఊళ్లన్నీ ఒక్క మాట మీదికి వచ్చాయి. గంటలు విప్పి, మందలన్నీ కలిపి అడవిలోకి తోలాయి. ఇవి ఏ ఊరివని అడిగితే ప్రతివాడూ మావేనన్నాడు. ఎవరిని పట్టుకోవాలో తెలియక బంట్రోతులు ఉత్తచేతులతో పోయారని తాత చెప్పేవాడు. ఏటా అదే రోజున మందలు కలిపేవారు.

వాగవతల గొర్రెలు కాసే కుల్సుంకు పుల్లయ్య కిందటి సంతలోనే కబురు చెప్పాడు. "మా సర్పంచి ఊరుకోడు బాబాయ్" అని ఆమె తల దించుకుంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

పుల్లయ్య మందను అడవిలోకి తోలుకుపోయి గుట్ట పక్కన నీడన కూర్చున్నాడు. ఏటా మందలు కలిసే చోటికి మనుషుల సందడే దారి చూపేది. ఇవాళ ఆకు రాలినా వినబడుతోంది. మధ్యాహ్నానికి నొప్పి ఎడమ చేతిలోకి పాకింది. పైపంచె తల కింద పెట్టుకుని, వాగు వైపు చూస్తూ పడుకున్నాడు.

గుట్టకు అవతలి పక్కన కుల్సుం పొద్దుటి నుంచీ కూర్చునే ఉంది. తన గొర్రెల గంటలు తానూ విప్పుకొచ్చింది. కేక వేస్తే ఊళ్లో తెలుస్తుందని భయం. అతని మందకు గంటలుండవని తెలిసినా, చెవులు మాత్రం ఆ మోత కోసమే రిక్కించి ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా ఒక గొర్రెపిల్ల గుట్టెక్కి అవతలికి దిగింది. దాని వెనకే మందంతా దిగింది. కుల్సుం పరుగున వచ్చి పుల్లయ్యను చూసింది.

"ఇక్కడే ఉన్నావా బాబాయ్? పొద్దుటి నుంచి అవతలే కూకున్నా గదా! లెయ్, కలిసినయ్యి చూడు."

అతను లేవలేదు. భుజం పట్టి కదిపింది. చల్లగా తగిలింది. చాలాసేపు అక్కడే కూలబడి ఏడ్చి, చివరికి బాబూరావుకు ఫోను చేసింది.

బాబూరావు వాళ్లొచ్చి పుల్లయ్యను మంచం మీద మోసుకుపోయాక, కొమ్మకు తగిలించిన చద్దిగిన్నె ఆమె కంటబడింది. దించి మూత తీసింది. జొన్న సంగటి, పైన గోంగూర పచ్చడి. నలుగురైదుగురు కడుపు నిండా తినేంత ఉంది. పుల్లయ్య ఒక్క ముద్దా తీయలేదు.