థ్రేస్యామ్మ టీ కొట్టు

తెరమీది వాన పొద్దుటి నుంచి డబ్బింగ్ గదిలో కూడా పడుతోంది. నేను గొడుగు కింద నిలబడి, మైకు తడవకుండా దానిమీద చెంగు కప్పుతాను.

మలయాళం సినిమాను తెలుగులోకి తెస్తున్నాం. అందులో టీ కొట్టు నడిపే థ్రేస్యామ్మకి గొంతు నాది. కొట్టులో మగవాళ్ళు పేపరు పైకి చదువుతూ, సమ్మె గురించి వాదించుకుంటున్నారు. ఇంతలో గల్ఫ్ నుంచి ఫోను. ఆమె భర్త అక్కడ పోయాడు. వాదన ఆగిపోతుంది. ఆమె మాట్లాడకుండా టీ పోస్తూనే ఉంటుంది.

అక్కడ గట్టిగా ఏడవమంటాడు డబ్బింగ్ డైరెక్టర్ భానోజీ.

"ఏడుపు వినపడకపోతే ఎవరూ పోలేదనుకుంటారు మన జనం, రత్నంగారూ."

అలసటగా ఉంది. ఇన్నేళ్ళలో ఎందరో తల్లులకి, ఎందరో వదినలకి ఏడ్చిపెట్టాను. మా ఆయన పోయిన రోజు మాత్రం నాకు ఏడుపు రాలేదు. మా ఆడపడుచు అప్పట్నుంచి నాతో మాట్లాడదు.

నోరు తెరుస్తాను. శబ్దం రాదు. నా గొంతు అప్పటికే తెరలోకి వెళ్ళిపోయింది. థ్రేస్యామ్మ పాలగిన్నె దించి, ఇటు తిరిగి, మా తెనాలి యాసలో మాట్లాడుతుంది.

"ఆయన్ని తెచ్చే పెట్టె ఇంకా రాలేదమ్మా. వచ్చేదాకా నేను ఆయన పెళ్ళాన్నే. ఇప్పుడే ఏడిపించమాక."

ఆ మాట సబబేనని భానోజీ కూడా ఒప్పుకుంటాడు. నిర్మాత మాత్రం ఒప్పుకోడట. ఏడుపు వరకు ఇంకో ఆవిణ్ణి పిలిపిస్తానంటాడు. నేను తలూపి, తెర అంచు పైకెత్తి, అవతలికి వెళ్ళి కొట్టులో బల్లమీద కూర్చుంటాను. మగవాళ్ళు జరిగి చోటిస్తారు. మీ యూనియన్ ఏమంటోందని ఒకాయన అడుగుతాడు. నా దగ్గర గొంతు లేదు కాబట్టి, ఈవిడ అలిసిపోయిందని థ్రేస్యామ్మే చెబుతుంది.

చర్చి గంట, మసీదు పిలుపు ఒకదానికోసం ఒకటి ఆగి వినిపిస్తాయి. పెట్టె వస్తుంది. సమ్మె గురించి ఇందాక వాదించుకున్నవాళ్ళే దాన్ని కలిసి దించుతారు.

అప్పుడు ఏడుస్తుంది థ్రేస్యామ్మ. సన్నగా, ఆగి ఆగి. నా ఏడుపు ఎలా ఉంటుందో మొదటిసారి వింటాను. నా చెంపలు తడుస్తాయి. అది వాన కాదు.

మూత తీస్తారు. లోపల ఆయన లేడు. నిండా ఎడారి ఇసుక. ఇసుకలో అవతలి కొసన ఒక అడుగు పడుతుంది, దాని ముందు ఇంకొకటి. మనిషి కనపడడు గానీ, ఎవరో మా వైపు నడిచి వస్తున్నారు. అడుగు పడినప్పుడల్లా పెట్టె కాస్త పొడవవుతుంది. మగవాళ్ళు బల్లలు తప్పించి దారి ఇస్తారు. పెట్టె కొట్టు దాటి, రోడ్డు దాటి, పడవల రేవు మీదుగా సముద్రంలోకి సాగుతుంది. అడుగులు పడుతూనే ఉన్నాయి.