గట్టు మీద ఎన్నిక

దమాసియో తాతను పట్టపగలు మా కళ్లముందే కొట్టి చంపారు. గుండె ఆగి పోయాడని కంపెనీవాళ్లు పేపర్లో రాయించారు. ఆగదా మరి? ముగ్గురు కాపలావాళ్లు లాఠీలతో ఛాతీ మీద బాదితే ఎవడి గుండె ఆగదు?

ఆయన చేసిన నేరమల్లా మా కాలువ తూము తలుపు ఎత్తబోవడం. కాలువకు నీటిపెద్ద ఆయనే. కొండల్లో మంచు కరగ్గానే ఊరంతా పారలు పట్టి పూడిక తీయాలి. ఆ తర్వాత ఎవరి వంతు ఎప్పుడో నీటిపెద్ద చెబుతాడు. నీళ్లు తక్కువైన ఏడు ఎవరి చేను ముందు ఎండుతోందో చూసి వాళ్లకు ముందు ఇస్తాడు. న్యూమెక్సికో అమెరికా చేతికి చిక్కకముందు నుంచీ మా తాతముత్తాతలు నడిపిన పద్ధతి ఇది. ఈ ఏడు కంపెనీ ఆ తూముకు గొలుసు బిగించింది. నీళ్లన్నీ పైనున్న రిసార్టుకే కావాలట, గోల్ఫు గడ్డికీ ఈతకొలనులకూ. మళ్లలో మిరప నారు తల వాల్చేసింది. ఇంకో వారం ఇలాగే గడిస్తే ఊరు పొలాలమ్ముకుని లేచిపోవాల్సిందే. కంపెనీకి కావలసిందీ అదే.

దుబాయ్ డబ్బు, టోక్యో డబ్బు, ఇంకా మాకు పేరు తెలియని దేశాల డబ్బు పోసి కట్టారు ఆ రిసార్టును. నేను అక్కడ దుప్పట్లు ఉతుకుతాను. లోపలికి అడుగు పెట్టగానే గోడ నిండా ఓ ముసలాయన బొమ్మ, భుజాన పార. కింద 'చికానో వారసత్వం' అని బంగారు అక్షరాలు. చికానోలంటే మేమే, మెక్సికో మూలాలున్న అమెరికా వాళ్లం. బొమ్మను గోడకెక్కించి మనిషిని గట్టు మీద చంపిన దొంగలు వీళ్లు.

తాతను పూడ్చి అందరం చర్చి పక్క హాల్లో చేరాం. ముందు సెనైదా వదిన లేచింది. ఆమె కొడుకు నికానోర్ షెరీఫ్ కింద పోలీసు.

"పోయినాయన ఎట్టాగూ పోయాడు. ఇంకొకర్ని పోగొట్టుకుందామా? ఊళ్లో సగం మందికి కూడు పెట్టేది ఆ రిసార్టేగా. పనిలోంచి తీసేస్తే ఏం తింటారు?"

"నీ కొడుకు ఉద్యోగం ఊడుద్దని నీ బాధ!" వెనక నుంచి ఎవరో అరిచారు.

"అవును, బాధే! కన్నదాన్ని, నాకుండదా?"

స్కూలు బస్సు నడిపే ఎలోయిసా బల్ల మీద గుద్దింది. "వదినా, వాళ్ల దుప్పట్లుతకడానికి మనం కావాలి. వాళ్ల గోడ మీద బొమ్మకి మనం కావాలి. మన పాటా మన కూడూ టూరిస్టులకి అమ్ముకోడానికి కావాలి. మన చేలు మాత్రం ఎండిపోవాలంట! చేను పోయాక మనమేంటి? ఆ బొమ్మలమేగా?"

"కోర్టుకు పోదాం," అన్నాడు లిబ్రాదో.

"కోర్టు తేల్చేదాకా నీ మిరప నారు ఆగుద్దంట్రా?" అంది ఎలోయిసా.

నీటిపెద్ద పోతే ఆయన్ని పూడ్చిన రోజే పొద్దుగూకేలోపు ఇంకొకరిని ఎన్నుకోవాలి, ఆ తర్వాత కాలువకు దిక్కులేని రాత్రి ఉండకూడదు. మా కట్టుబాటు అది. చేతులెత్తి ఎలోయిసాను ఎన్నుకున్నాం. సెనైదా వదిన చెయ్యి మాత్రం లేవలేదు.

తెల్లారి పారలు, గునపాలతో తూము దగ్గరికి నడిచాం. కాపలావాళ్లు, కుక్కలు, పోలీసులు. ముందు వరసలో నికానోర్.

"ఎలోయిసక్కా, ఎనక్కి పో. నీ మంచికే చెప్తున్నా."

"మీ నాన్న చేనూ ఎండుతోందిరా సన్నాసీ! తప్పుకో."

వాడు ఆమె నెత్తిన లాఠీ దించాడు. ఎలోయిసా తల పగిలి రక్తం కళ్లలోకి కారింది. అంతే, ఇక మమ్మల్ని ఎవరూ ఆపలేకపోయారు. కుక్క నా మోచేతిని పట్టుకుంది, పారతో దాని మూతి పగలగొట్టాను. లిబ్రాదో ఒక కాపలావాడి మోకాలు విరగ్గొట్టాడు. వాళ్లు రబ్బరు గుళ్లు పేల్చారు, ఒకటి లిబ్రాదో కంట్లో దిగింది. కోర్టుకు పోదామన్న మనిషి ఒక కన్ను చేత్తో మూసుకుని రెండో చేత్తో గునపం తిప్పి గొలుసు తెంచాడు. తలుపు లేచింది. నీళ్లు మా రక్తంతో కలిసి కిందికి పరిగెత్తాయి. సిగ్గు లేకుండా ఏడ్చాను.

"మీ లీడరెవడు?" షెరీఫ్ మైకులో అరిచాడు.

"నేనే," అంది ఎలోయిసా. బేడీలేసి లాక్కుపోయారు. లీడర్ని పట్టుకుంటే మంద చెదురుతుందని వాళ్ల లెక్క.

"కాలువకి దిక్కులేదు! చెయ్యెత్తండి!" అని జనంలోంచి కేక. గట్టు మీదే లిబ్రాదోను ఎన్నుకున్నాం. అతన్నీ తీసుకుపోయారు. తర్వాత నన్ను ఎన్నుకున్నారు. తూము తలుపు మళ్లీ దించకుండా అడ్డంగా పడుకున్న నన్ను బూటుకాళ్లతో తన్ని లేపారు. రెండు పళ్లు రాలాయి.

జైల్లో ఆడవాళ్ల గదిలో ఎలోయిసా తలకు కట్టుతో కూర్చుని ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా గట్టు మీద ఎన్నికైన ఇంకో ఆడమనిషిని లోపలికి తోస్తున్నారు. ఒక్కొక్కరినీ ముందు ఒకటే అడుగుతున్నాం: "తూము?"

"తెరిచే ఉంది."

సాయంత్రం మొక్కజొన్న పిండి తమాలెలు ఉడికించి అమ్మే ఓఫీలియా వచ్చింది, మొహమంతా వాచి.

"నీ తర్వాత ఎవరే?" అంది ఎలోయిసా.

"సెనైదా వదిన. తనే ముందుకొచ్చి నన్ను ఎన్నుకోండంది."

ఎలోయిసా గోడ పట్టుకుని లేచి నిలబడింది. "మరి నికానోరు?"

"నన్ను బండెక్కించేటప్పటికి బేడీలు వాడి చేతిలోనే ఉన్నాయి. ఈమె రెండు చేతులూ చాపి వాడి ఎదురుగా నిలబడింది. 'నీటిపెద్దని నేనే, వెయ్యరా' అంటోంది."