గడ్డిమనిషి చెయ్యి

పొద్దున్నించీ నాగులమ్మ మినప్పప్పు రుబ్బుతూనే ఉంది. చచ్చిపోయిన మొగుడు ముత్యాలయ్యకు గారెలంటే ఇష్టం. ఏటా ఈ రోజున అతని పేరు చెప్పి కాకికి పెట్టాలి. కాకి ముట్టేదాకా ఆమె మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. పద్నాలుగేళ్ళుగా ఇదే వరస. ఆమె రోలు దగ్గర కూర్చోగానే గడప అవతల అతను వచ్చి నిలబడతాడు. ముత్యాలయ్య కాదు, గడ్డిమనిషి. ముఖం ఉండదు, కళ్ళ చోట రెండు గవ్వలుంటాయి. కుడిచెయ్యి పైకెత్తి ఉంటుంది. ఆ చెయ్యి ఏం చెబుతోందో పద్నాలుగేళ్ళుగా ఆమెకు అర్థం కాలేదు.

మరిది చిన్నపోలయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆరిపోయిన చుట్టను మళ్ళీ వెలిగించాడు.

"వదినా, ఒక మాట చెప్తా. కోప్పడబాక."

"చెప్పు."

"అన్న చావలేదంట. మలయాలో బతికే ఉండాడు."

పొత్రం ఆగింది. పిండి చేతులతో ఆమె అతని వంక చూసింది. ఎట్లా ఉన్నాడని గానీ, ఎవరు చెప్పారని గానీ అడగలేదు.

"ఎప్పుడు తెలిసింది?"

"ఎనిమిది దినాలైంది. జాబు రాసినాడు."

"మరి రాత్రి పప్పు నానబోస్తా ఉంటే చూస్తా ఊరుకున్నావే?"

పోలయ్య బుర్ర గోక్కున్నాడు. "ఏటా చేసేదే గదా అని…"

ముత్యాలయ్య పెళ్ళయిన రెండేళ్ళకు, ముప్పయ్యారులో, మద్రాసులో ఓడెక్కి రబ్బరు తోటల్లో కూలికి పోయాడు. నలభయ్యొకటి దాకా జాబులొచ్చాయి. తర్వాత జపాను యుద్ధం వచ్చిపడి జాబులు ఆగిపోయాయి. యుద్ధమయ్యాక అటునించి తిరిగొచ్చిన ఒక కూలీ, సయాం దేశపు అడవుల్లో రైలుకట్ట వేయించడానికి జపానువాళ్ళు తోలుకుపోయినవాళ్ళలో ముత్యాలయ్యను చూశానని, ఆ అడవిలోంచి బయటికొచ్చినవాడు లేడని చెప్పాడు. సముద్రం మీద బతికే మైపాడు పల్లెలో ఆచూకీ లేనివాడి కోసం పన్నెండేళ్ళు చూడాలని కట్టుబాటు. కానీ ఆ ఏడాది వలల్లో చేప పడలేదు. "మీ ఇంటివాడొకడు దప్పికతో తిరుగుతా ఉండాడు" అంది సోదెమ్మ. అత్త పట్టుబట్టింది. జాబులాగిన అయిదేళ్ళకే, శవం దొరకనివాళ్ళకు కట్టినట్టు, ముత్యాలయ్యకు గడ్డిమనిషిని కట్టి కాల్చేశారు.

కట్టిందెవరు? నాగులమ్మే. ముడి వేయడంలో ఆమెను మించిన చెయ్యి ఆ పల్లెలో లేదు మరి. వరిగడ్డి పాయలు తీసి కాళ్ళూ చేతులూ కట్టింది. మొగుడి పాత చొక్కా తొడిగింది, గవ్వలు పెట్టింది. పోలయ్య నిప్పు పెట్టాడు. మంటలో ఒక ముడి ఊడి గడ్డిమనిషి కుడిచెయ్యి పైకి లేచింది. "నా బిడ్డ దీవిస్తా ఉండాడు" అని అత్త దండం పెట్టింది. ఆగమంటున్నాడేమో అనిపించింది నాగులమ్మకు. నోరు తెరిచేలోగా ఆమె చేతి గాజులు పగలగొట్టారు.

అప్పటినించి ఆమె చేసిన చాకిరీ ఎవరూ చూడలేదు. చూడకపోవడమే ఆ ఇంటి మర్యాద. పగలంతా వల అల్లేది. నూలువల కుళ్ళకుండా తుమ్మచెక్క కాచి ఆ నీళ్ళలో వలను ముంచి ఆరేసేది. ఆ చెక్కనీళ్ళకు ఆమె చేతులు మోచేతులదాకా నల్లబడి మళ్ళీ తెల్లబడలేదు. తీరా కొత్త వల పడవెక్కే పొద్దున "వదినా, లోపలుండు, ఎదురు రాబాక" అని పోలయ్య కేకేసేవాడు. ఆమె చేతులు అల్లిన వలకు ఆమె ముఖం పనికిరాదు. కాకి రావడం ఆలస్యమైతే "నీ చేతిలోనే ఏదో దరిద్రముండాది, నా బిడ్డ తినలేకపోతా ఉండాడు" అనేది అత్త. అదీ నిజమేననుకునేది నాగులమ్మ. ఇంకాస్త నెయ్యి పోసి, ఇంకాస్త ఏడ్చి, కాకిని బతిమాలేది. బతికున్నవాడు అక్కడెక్కడో వేడన్నం తింటుంటే ఇక్కడ ఈమె కడుపు మాడ్చుకుంది. మరి ఇన్నేళ్ళూ ఆమె చేతి గారెలు తిన్నదెవరు? గడప అవతల నిలబడ్డవాడెవరు?

"ఇప్పుడెందుకు చెప్పినావు?" అని అడిగింది మరిదిని.

పోలయ్య అసలు సంగతికొచ్చాడు. ముత్యాలయ్య అక్కడ ఇంకొకావిణ్ణి కట్టుకున్నాడు, నలుగురు పిల్లలు. మలయాకు స్వతంత్రం వచ్చి మూడేళ్ళయింది. ఆ దేశపు మనిషినవుతానని కాగితం పెట్టుకున్నాడు. ఇద్దరు పెళ్ళాలంటే చిక్కని, మొదటి పెళ్ళాం చచ్చిపోయిందని అందులో రాశాడు. "నిజమేనా అని ఆ దేశమోళ్ళు ఆడుండే మన హైకమిషనోళ్ళని అడిగినారంట. ఆళ్ళు ఢిల్లీని అడిగినారు. ఢిల్లీవోళ్ళు హైదరాబాదుని, ఆణ్ణించి నెల్లూరు కలెక్టరుని. ఇయాళ రెవిన్యూ ఇన్‌స్పెక్టరొస్తాడు."

రెండు దేశాలు ఒకదానికొకటి దండాలు పెట్టుకుంటూ, సముద్రం ఇటూ అటూ కాగితాలు తిప్పి అడుగుతున్నది ఒక్కటే మాట: నాగులమ్మ బతికుందా? ఆ మాట ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

"వస్తే?"

"నువ్వు వంటింట్లోనే ఉండు. అమ్మ చెప్తాది."

"ఏమని?"

వంటింటి గుమ్మంలోంచి అత్త అందుకుంది. "ఏమనైతే నీకేందే? నువ్వేమన్నా పోయి ఆడితో కాపరం చేస్తావా? నువ్వుంటే ఆడికేం, పోతే ఆడికేం? ఆ నలుగురు పసిబిడ్డల మొగం చూడు."

"ఆయన బతికే ఉంటే నా బొట్టు నాకిస్తావా అత్తా?"

"ఊళ్ళో ఏమని చెప్పుకోవాలే? కాల్చినోణ్ణి లేపుకొచ్చినామనా?"

పోలయ్య మొలలోంచి చిన్న పొట్లం తీశాడు. తెల్లగా మెరిసే దారం. "నైలాను, వదినా. మచ్చుకు పంపినాడు. పని కాగానే వలంతా పంపిస్తాడంట. దీనికి కుళ్ళనేది లేదు. చెక్కనీళ్ళు కాచే పనే లేదు. సుఖం నీకే."

"చచ్చినదానికి సుఖమెందుకు పోలయ్యా?"

ఆమె దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. జారిపోతోంది, ముడి నిలవదు. తిరిగి ఇచ్చేసింది.

"జాబులో నా గురించి ఏమన్నా రాసినాడా?"

"రాసినాడు. నాగులు మంచిది, అడ్డం చెప్పదు అని."

ఆమె మళ్ళీ పొత్రం తిప్పింది. గారెలు వండింది. చేతులు వాటంతటవే పనిచేశాయి. లోపల మాత్రం ఒకే ఆలోచన సుడి తిరిగింది. బతికున్నవాణ్ణి చంపి నన్ను విధవను చేశారు. ఇప్పుడు బతికున్న నన్ను చంపి వాణ్ణి పెళ్ళికొడుకును చేస్తున్నారు. రెండుసార్లూ వాడి కోసమే. రెండుసార్లూ నన్ను వంటింట్లోనే ఉండమన్నారు. మంచిదాన్నట. మంచిది అంటే తన చావుకు తనే గారెలు వండుకునేదన్నమాట.

మధ్యాహ్నం రెవిన్యూ ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్య ఎడ్లబండి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచొచ్చాడు. వెంట ఊరి మునసబు, అతని చంకలో చావుపుట్టుకల పుస్తకం. అరుగు మీద చాప పరిచారు.

"నాగులమ్మ, భర్త పేరు ముత్యాలయ్య. ఈమె ఉందా, పోయిందా?" అని చదివాడు పద్మనాభయ్య.

"పోయింది సామీ," అంది అత్త కొంగు కళ్ళకద్దుకుంటూ. "జొరమొచ్చి పోయింది. బంగారంటి పిల్ల."

మునసబు సముద్రం వైపు చూస్తున్నాడు. అప్పుడు నాగులమ్మ చెంబుతో నీళ్ళు తీసుకుని బయటికొచ్చింది. చెంబు పద్మనాభయ్య ముందు పెట్టి నిలబడింది.

"నాగులమ్మను నేనే సామీ. బతికే ఉండా. రాసుకోండి."

పద్మనాభయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మరి ఈ పెద్దామె పోయిందంటోందే?"

"పోయింది నేను కాదు సామీ, నా మొగుడు. మునసబయ్య పుస్తకం తియ్యమనండి. నలభై ఆరో సంవత్సరం చూడండి."

మునసబు పేజీలు తిప్పాడు. తిప్పక ఏం చేస్తాడు? ముత్యాలయ్య, వయసు ముప్పయ్నాలుగు, పరదేశంలో మరణం. అడుగున, చావు సంగతి చెప్పి రాయించినవాడి వేలిముద్ర, చిన్నపోలయ్యది.

"ఓసి పాపిష్టిదానా!" అత్త గుండెలు బాదుకుంది. "బతికుండే మొగుణ్ణి చంపుకుంటావటే!"

"నేను చంపలేదత్తా. ముడులు మాత్రం వేసినా. నిప్పు పెట్టింది నీ చిన్నకొడుకు."

పద్మనాభయ్య పోలయ్య వైపు తిరిగాడు. "ఈ వేలిముద్ర నీదేనా? మీ అన్న చనిపోయాడని రాయించింది నువ్వేనా? కాదంటే చెప్పు, దొంగచావు రాయించావని అదీ రాసుకుంటాను."

పోలయ్య గుప్పిట్లో నైలాను దారం నలిగిపోతోంది. "నాదే సామీ," అన్నాడు ఎట్టకేలకు.

"అయితే మలయాలో ఈ పేరుతో కాగితం పెట్టిందెవరు?"

"మాకేం తెలుసు సామీ?" అంది నాగులమ్మ. "మా ఇంటాయన ఈ ఒడ్డునే కాలిపోయినాడు. ఊరంతా చూసింది. ఆయన ఎట్టా కాయితం పెడతాడు?"

పద్మనాభయ్య రాశాడు. ముత్యాలయ్య మృతుడు, భార్య నాగులమ్మ సజీవురాలు. ఆమె బొటనవేలు పట్టుకుని, ఆ నలుపు చూసి, ఇంకు పూయాలా వద్దా అని ఒక క్షణం ఆగాడు. ఆ కాగితం ఇక నెల్లూరికి, హైదరాబాదుకి, ఢిల్లీకి పోయి ఓడెక్కుతుంది. అక్కడ ఎవరో దొర ముత్యాలయ్యను పిలిచి, నువ్వు చచ్చిపోయావట గదా అని అడుగుతాడు.

అందరూ వెళ్ళిపోయాక అత్త గోడవైపు తిరిగి పడుకుంది. కాకులు చూరు మీద వాలి అరుస్తున్నాయి. నాగులమ్మ ఆకులో గారెలు పెట్టుకుని గడపలో కూర్చుంది. గడ్డిమనిషి వచ్చాడు. అవే గవ్వకళ్ళు, అదే ఎత్తిన చెయ్యి. ఆమె ఆ చేతిని తేరిపార చూసింది. తను వేసిన ముడి ఏనాడూ ఊడలేదు. ఆ ఒక్కటే ఊడింది. ఆ రోజు ఆ భుజం దగ్గర తన వేళ్ళు ఎందుకు వదులుగా కట్టాయో ఆ వేళ్ళకే తెలుసు. ఆగండి అని తను అనలేనిది వాడి చేత అనిపించాలని చూశాయేమో.

"ఆకలిగా ఉండాదా?" అంది నెమ్మదిగా. "ఉండు. ముందు నేను తినాల."