నిప్పు వాటా

కాటా మీద పెట్టిన మట్టిముద్దలోంచి చిటికెడు గిల్లి, మనసొప్పక ఆ చిటికెడూ మళ్ళీ అతికించి, ముల్లు ఎక్కడ ఆగుతుందోనని ముసలాయన ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూస్తున్నాడు. పుట్టీ పుట్టగానే పోయిన పసిబిడ్డల గుర్తుగా దీపాలు చేయడం అతని పని. వీధిలో అందరికీ అతను దీపాలాయన. ఏ బిడ్డ దీపం ఆ బిడ్డంత బరువుండాలి, అదీ అతని పట్టుదల. చంకలో ఒదిగేలా గుండ్రంగా చేసి, పైన వత్తికి చిన్న గుంట పెడతాడు. మట్టి ఆరేటప్పుడు కొంత, బట్టీలో కాలేటప్పుడు ఇంకొంత బరువు తగ్గుతుంది కదా, అందుకని బిడ్డ బరువు మీద మరికాస్త మట్టి కలుపుతాడు. దానికి అతను పెట్టుకున్న పేరు నిప్పు వాటా. ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా ఆ వాటా మరిచిన పాపాన పోలేదు.

పొద్దున్నే ఒక జంట వచ్చింది. కాలి చల్లారిన దీపాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి ఆ తల్లికి అందించాడు. అందుకోగానే ఆమె మోచేయి దానంతటదే వంగింది.

"ఇంతే ఉన్నాడండీ," అంది భర్తతో. "అచ్చం ఇంతే."

భర్త గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇలాంటప్పుడు దీపాలాయనకు ఏం మాట్లాడాలో ఏనాడూ తోచి చావదు. చేతులు కడుక్కునే వంకతో లోపలికి తప్పుకున్నాడు.

లోపల మంచం మీద అతని భార్య ఉంది. ఇక చేసేదేమీ లేదని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. ఆవిడ చెల్లెలు వచ్చి దగ్గరుండి చూసుకుంటోంది.

"ఆ మట్టికాళ్ళతో లోపలికి రావద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలి బావా?" అంది మరదలు.

"మీ అక్క పెళ్ళైన దగ్గర్నుంచీ మొత్తుకుంటోంది. విన్నానా?"

మంచం మీద ఆవిడ పెదవులు కాస్త నవ్వాయి. కాసేపటికి మెల్లగా అంది.

"ఏమండీ, ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ చేశారు. మన పిల్లకి చేయలేదేం?"

ఆవిడ ఆ ఊసెత్తడం ఇదే మొదలు. అతను ఎత్తబోతే లేచి అవతలికి వెళ్ళిపోయేది. నెలలు నిండకుండా పుట్టింది ఆ పిల్ల. అతను సరుకు దింపడానికి పొరుగూరు వెళ్ళి వచ్చేలోపు అంతా అయిపోయింది. బిడ్డ మొహమైనా చూడలేదు. ఎవరూ తూచలేదు. ఎత్తుకున్నది ఆవిడ ఒక్కతే. మళ్ళీ వాళ్ళకు పిల్లలు పుట్టలేదు.

"బరువు తెలీదు కదే," అన్నాడు.

"నా చేతులకి తెలుసు. మట్టి తీసుకురండి."

పరుగులాంటి నడకతో వెళ్ళి ముద్ద తెచ్చి, గుడ్డలో చుట్టి ఆవిడ చేతుల్లో పెట్టాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ తెలియదు. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"అబ్బే, ఇది మీ పొట్టలా ఉంది. తీసెయ్యండి."

తీశాడు.

"ఇంకొంచెం... అయ్యో, అంతొద్దు. కాస్త పెట్టండి... ఆఁ."

ఆవిడ మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారాయి. అతను ముద్దను తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఇంతేనా, నా తల్లీ, ఇంతే ఉన్నావా అనుకున్నాడు.

ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రానికి దీపం తయారైంది. ఆరేదాకా ఆగే ఓపిక లేక పచ్చిదే తెచ్చి ఆవిడ పక్కలో పెట్టాడు. ఆవిడ దాన్ని చేతుల్లోకి పొదువుకుంది. బొటనవేలు మెత్తటి మట్టిలో దిగింది.

"బాగుందా?" అన్నాడు.

"ష్... మెల్లగా. పడుకుంది."

అతను బుద్ధిగా నోరు మూసుకుని కూర్చున్నాడు. కిటికీలో వెలుతురు తగ్గింది. మందు తెచ్చిన మరదలు అక్క నుదుటి మీద చెయ్యి పెట్టి, గ్లాసు కింద పెట్టేసి బావురుమంది. అప్పటిదాకా అతనికి తెలియనే లేదు.

చాలాసేపటికి మరదలు కళ్ళు తుడుచుకుని అక్క చేతుల్లోంచి దీపాన్ని జాగ్రత్తగా విడిపించింది.

"దీన్ని ఆరబెట్టనా బావా? మిగతావాటితో పాటు కాల్చేద్దువు."

అతను ఉలిక్కిపడ్డాడు.

"నిప్పు వాటా వెయ్యలేదమ్మా! మర్చేపోయాను. కాలిస్తే తగ్గిపోతుంది."

"పోనీ, ఇంకాస్త మట్టి కలిపి మళ్ళీ చెయ్యి."

"మీ అక్క వేలు పడిందే దాని మీద," అన్నాడు. "ఎలా చెరపను?"

దీపాన్ని తడిగుడ్డలో చుట్టాడు. దాన్ని ఆరనిచ్చేది లేదు. గుడ్డ పొడిబారినప్పుడల్లా లేచి నీళ్ళు చిలకరించాలి, తను ఉన్నన్నాళ్ళూ.

ఖాళీ మంచం పక్కన పీట మీద, వత్తి ఎరగని ఆ పచ్చిదీపం ఇంకా తడిగానే ఉంది, పక్కన బొటనవేలంత గుంటతో.