రేగుకొమ్మ జాకెట్టు

సోని కుట్టుపని మగ్గం ముందు కూర్చుందంటే తిండీ నీళ్ళూ గుర్తుండవు. తనుండే లంబాడా తండాలోనే కాదు, ములకలపల్లి చుట్టుపక్కల ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. ఫోనులో ఏ బొమ్మ చూపించినా అచ్చు గుద్దినట్టు జాకెట్టు మీద దించేస్తుంది. నెమలంటే నెమలి, ఏనుగంటే ఏనుగు. అన్నీ పరాయి బొమ్మలే, తనదంటూ ఒక్కటీ లేదే అన్న దిగులు మాత్రం ఆమెను లోలోపల తినేస్తుండేది.

అలాంటి సోని దగ్గరికి మాఘమాసం చివర్లో సత్తుపల్లి నుంచి రాజ్యశ్రీ వచ్చింది. పామాయిల్ తోటల నాగలత కూతురు. శ్రావణంలో పెళ్ళి.

"ఫోన్లో డిజైన్లు చూసి చూసి విసుగొచ్చిందక్కా. ఎవరూ వేసుకోనిది నువ్వే ఆలోచించి కుట్టు. నచ్చకపోతే మాత్రం ఖమ్మంలో ఇచ్చేస్తా" అని పట్టుగుడ్డ చేతిలో పెట్టింది.

ఇంకేముంది! సోనికి కాళ్ళు నేల మీద ఆగలేదు.

ఫాల్గుణంలో అడవంతా మోదుగుపూలతో ఎర్రబారింది. బొమ్మ దొరికిందే అనుకుని, పాత గుడ్డ మీద కుట్టి చూసింది. "ఏంది వదినా, చిలకలు కుట్టినవా?" అని ఆడబిడ్డ ద్వాలి పడీపడీ నవ్వింది. చూస్తే నిజంగానే చిలకముక్కులు! విప్పేసింది. చైత్రంలో తెల్లారకముందే ఇప్పపూలు ఏరడానికి పోయి, ఏరడం మరిచి చెట్టు కింద చూస్తూ కూర్చుంది. ఖాళీ గంపతో ఇంటికొచ్చి అత్తతో చివాట్లు తింది. తీరా కుడితే ఆ లేత రంగు గుడ్డలో కలిసిపోయి కనబడనే లేదు. రేలపూల గుత్తులు బాగానే కుదిరాయి గానీ అలాంటివి ఫోనులో కొల్లలు. ఆషాఢం వానలకు పెరట్లో బీరపాదు అల్లుకుంటే, ఆ తీగ మెలికలు చూసి ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడేలా కేక పెట్టింది. కుట్టాక జిలేబీల్లా తేలాయి. పాపం, కుట్టడం కన్నా విప్పడమే ఎక్కువైపోయింది.

శ్రావణం రానే వచ్చింది. పెళ్ళి నెత్తిమీదికొచ్చింది. పట్టుగుడ్డ మీద ఒక్క కుట్టు పడలేదు.

తండాలో తీజ్ పండగ మొదలైంది. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లారు. ఆ సాయంత్రమే రేగుకొమ్మ ఆట. నానబెట్టిన శనగగింజలను ఆడపిల్లలు రేగుముళ్ళకు గుచ్చాలి. వరసైన మగపిల్లలు ఊరుకుంటారా? కొమ్మ పట్టుకుని ఊపేస్తారు. ముల్లు దిగినా పిల్ల చెయ్యి వెనక్కి తీయకూడదు. అలా గుచ్చిన పిల్ల ఏ ఇంటికెళ్ళినా నెగ్గుకొస్తుందని తండా నమ్మకం.

సోని తనూ చిన్నప్పుడు ఆడిందే, ఏటా చూస్తున్నదే. కానీ ఆ పూట వాన అప్పుడే వెలిసింది. తడి కొమ్మ మీద ఎండ పడుతోంది. ముల్లు ముల్లుకీ ఉబ్బిన పచ్చటి గింజ. ద్వాలి నాలుక కరుచుకుని ఇంకోటి గుచ్చుతూ, "ఊపుర్రి, ఇంకా ఊపుర్రి! మీరు ఊపితే ఆగుతననుకున్నరా?" అని అరుస్తోంది.

"అయ్యో, నా కళ్ళేమైనయే ఇన్నేండ్లు!" అంటూ సోని గింజలతో సహా ఓ రెమ్మ విరుచుకుని ఇంటికి ఒకటే పరుగు. "వదినకు పిచ్చి లేసింది!" అని వెనక పిల్లలంతా గొల్లున నవ్వారు.

ఈసారి పాత గుడ్డ జోలికే పోలేదు. నేరుగా పట్టు మీదే సూది దించింది. మోచేతి నుంచి భుజం దాకా కొమ్మ, కొమ్మ నిండా ముళ్ళు, ముల్లు ముల్లుకీ బిగువైన ముడికుట్టుతో శనగగింజ. ఒక చెయ్యి పూర్తయ్యేసరికి ఆనందంతో ఏడుపొచ్చింది.

చూడ్డానికి తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. నాగలత గుడ్డను వెలుగుకు పట్టి చూసింది.

"ఇవి ముళ్ళు కదూ? హవ్వ! పీటల మీద కూర్చునే పిల్ల ముళ్ళు తొడుక్కోవాలా? మగపెళ్ళివాళ్ళు ఏమనుకుంటారు? ముందు విప్పెయ్యి."

సోని తెల్లబోయింది. రేగుముల్లు లేని పండగ తండాలో ఎవరూ ఎరగరు. అది అశుభం కావచ్చన్న ఆలోచనే ఆమెకు తట్టలేదు. అలవాటుగా కత్తెర అందుకుంది. మొదటి ముడి కిందికి మొన పోనిచ్చింది. చెయ్యి కదిలితే ఒట్టు.

"విప్పను ఆంటీ" అంది. ఆ మాట తన నోటినుంచేనా అని తనకే ఆశ్చర్యమేసింది. "గుడ్డ కొత్తది తెచ్చిస్త. ఖమ్మంల కుట్టించుకోర్రి. ఇది మాత్రం విప్ప. మా ఆడపిల్లలు ముల్లు గుచ్చుకున్నా గింజ వదలరు, గదీ కుట్టిన."

ఆట సంగతంతా గబగబా చెప్పేసింది. నాగలత మూతి బిగించుకుని వింది.

రాజ్యశ్రీ గుడ్డ తీసుకుని చేతికి చుట్టుకుంది. గింజల మీద వేళ్ళతో మెల్లగా తడిమింది. ఉన్నట్టుండి నవ్వేసింది.

"అమ్మా, గుచ్చుకోవట్లేదే! పట్టుకుని చూడు." సోని వైపు తిరిగి, "మరి కొమ్మ ఊపేవాళ్ళేరి అక్కా?" అంది.

సోని కళ్ళు మెరిశాయి. "రెండో చెయ్యి మీద పెడత! అబ్బ, నాకెట్ల తోచలే చెల్లె!"

"ఊపేవాళ్ళు కూడానా! ఇద్దరికిద్దరూ సరిపోయారు" అని నాగలత నెత్తి కొట్టుకుంది. తనూ గింజల మీద వేలు పెట్టి చూసింది. "సరే, నా మాట ఎవరు వింటారులే. ఆ ముళ్ళన్నా కాస్త చిన్నవి చెయ్యి తల్లీ."

"చెయ్యను ఆంటీ" అంది సోని, సూదికి దారం ఎక్కిస్తూ. "ముల్లు చిన్నగైతే గింజ ఆగదు."