తువ్వాలేసిన పేజీలు

నడికుడి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకు పాసులిచ్చే కంప్యూటర్ మొరాయించడంతో గేటు దగ్గర లారీలు నిలిచిపోయాయి. కారణం ప్రోగ్రామర్ ప్రేమమ్మకు దొరికింది. మెమరీని పేజీలనే ముక్కలుగా పంచేది కెర్నల్, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రామ్. కొంతసేపు ఎవరూ ముట్టని పేజీలను అది బయటికి పంపి, వేరే పనికి చోటిస్తుంది. ఆఫీసరు పున్నయ్య ప్రోగ్రామ్ మాత్రం పనేమీ లేకపోయినా తన పేజీలన్నిటినీ ఊరికే తాకుతూ చోటంతా ఆక్రమించుకుంది.

"ఇదేందండీ?" అని ప్రేమమ్మ ఆయన్ని అడిగింది.

"మాచర్ల బస్సులో కిటికీలోంచి తువ్వాలేసి సీటు ఆపుకోమా అమ్మాయ్? ఇదీ అంతే."

ప్రేమమ్మ ఒక్కో ప్రోగ్రామ్‌కు మెమరీలో ఇంతని వాటా పెట్టింది. వాటా మించిన ప్రోగ్రామ్ పేజీలే ముందు పోయేలా కెర్నల్‌ను మార్చింది. లారీలు కదిలాయి.

పున్నయ్య వచ్చి మెచ్చుకున్నాడు. "కెర్నల్ నీ చేతిలోనే ఉందిగా. ఇంక తువ్వాలెందుకు, సీటే నా పేరున రాసెయ్."

ప్రేమమ్మ కీబోర్డు మీదనుంచి చేతులు తీసి, కొంగుకు తుడుచుకుంది.