ఏ పూటదండి

పంపరపనస తొన మీది తెల్లటి పొరను జగ్గారావు గోటితో మొదలంటా చీల్చి, గులాబిరంగు గుజ్జు చెదరకుండా గిన్నెలోకి ఒలిచాడు. పొర ఇసుమంత మిగిలినా చేదు దిగుతుందని అతనికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. రాజోలు దాటాక కాలువగట్టు మీద వెలసిన ఆ రిసార్టులో, బీరు తయారుచేసే గది నాలుగు నెలలుగా అతని కొలువు. తొట్లు కడగడం, పండ్లు ఒలవడం, బార్లీ బస్తాలు సర్దడం అతని పని.

అరవై రెండేళ్ల దేహం. నలభై యేళ్లు తాటిమానును కావలించుకున్న రొమ్ము మీద చర్మం బెరడులాగే పొలుసుబారింది. లోపలికి వంగిన పాదాలు నేల మీద నడిచేటప్పుడు కూడా చెట్టునే వెతుక్కుంటాయి. మూడేళ్ల క్రితం నడుముకు చుట్టుకుని చెట్టెక్కే మోకు తెగి పడినప్పటి నుంచి కుడి మోకాలు వంగదు. ఈ కొలువు పోతే మరొకరు పని ఇవ్వరని పొద్దున అన్నం కట్టి ఇస్తూ భార్య బంగారమ్మ మరోసారి గుర్తుచేసింది.

కల్లు గీతవృత్తిలో ఒక ఆచారం ఉంది. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యన. ఎండ ఎక్కినకొద్దీ పులుస్తుంది. అందుచేత కొనేవాడు మొదట అడిగేది ఒక్కటే: ఏ పూటది? దానికి నిజమే చెప్పాలి. శాస్త్రం చదివినవారు దీన్ని సత్యవ్రతమంటారు. చెట్టెక్కేవారు పూట చెప్పడమంటారు. జగ్గారావు తండ్రి గణపతి తుపాను యేట, చెట్లెక్కలేని ఒక ఉదయాన, నిన్నటి లొట్టిలోని కల్లును నేటిదని చెప్పి పోశాడు. ఒక్కసారే. ఆనాటి నుంచి అతడు ‘పూట తప్పినోడు’ అయ్యాడు. పాడె మోసినవారు సైతం అతణ్ణి ఆ పేరుతోనే తలచుకున్నారు. ముందు నిప్పుకుండ పట్టుకుని నడుస్తున్న ఇరవైయేళ్ల కొడుకు ఆ మాట విన్నాడు. తరువాత అతడు ఎన్ని చెట్లెక్కినా ఆ పేరు దించడానికే ఎక్కాడు.

పదకొండు గంటలకు షైనీ తొట్టి కుళాయి తిప్పింది. అమలాపురంలో సూక్ష్మజీవశాస్త్రం చదివి, బెంగుళూరులో ఈ పని నేర్చి వచ్చిన పిల్ల. ఇక్కడి బీరంతా ఆమె చేతిదే. తొలి గ్లాసు అతనికే ఇచ్చింది. లేత గులాబిరంగు ద్రవం, పైన పలుచని నురగ. అతడు అలవాటు చొప్పున ఒక చుక్క నేలకు విడిచి, ఒక గుక్క నోట నిలిపి కళ్లు మూశాడు. పులుపు నాలుక అంచులను పట్టి లాగింది. దవడల వెనక నీరూరింది. పండు తొక్క గిల్లినప్పటి వాసన ముక్కులోకి ఎగసింది. చివర ఒకింత వగరు మిగిలి, అదీ పోయింది.

“ఇది ఏ పూటదండి?”

“పూట కాదు బాబాయ్ గారూ, పంతొమ్మిది రోజులది.”

“ఆయ్. పులుపు నిలబడిందండి. మా కల్లయితే ఈపాటికి ఈగ కూడా వాలదండి.”

ఆ యేడు అంతటి మెప్పు షైనీకి మరెవరి నుంచీ రాలేదు.

మధ్యాహ్నం యజమాని రాజేంద్రప్రసాద్ ఎర్ర తలపాగా, కొత్త మోకు పట్టుకుని వచ్చాడు. నాలుగింటికి హైదరాబాదు నుంచి అతిథులు రుచి చూడవస్తారు. గోడ పలక మీద ‘తాటికల్లు కలిపిన పంపరపనస బీరు’ అని అప్పటికే రాయించాడు. జగ్గారావు గీతకార్మికుడి వేషంలో నిలబడి, ఈ ఉదయమే తానే కల్లు దించి ఇందులో కలిపానని చెప్పాలి. కల్లు చుక్కైనా కలపలేదు కదా అని షైనీ అభ్యంతరపెడితే, జనం తాగేది కథనే కాని బీరును కాదని యజమాని నవ్వేశాడు. జగ్గారావు తలపాగా చుట్టుకుని, మోకు నడుముకు కట్టుకున్నాడు.

అతిథులు పదిమంది దాకా వచ్చారు. వారిలో నెరసిన జుట్టావిడ ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, మళ్లీ తాగి, అతని వైపు తిరిగింది. ఇందులో కల్లు ఎప్పుడు దించినదని మర్యాదగా అడిగింది.

“ఇందులో కల్లు లేదండి,” అన్నాడు జగ్గారావు. “పంపరపనస, బార్లీ. పంతొమ్మిదో రోజుదండి. ఈ షైనీగారు చేసేరు. పుల్లగా ఉంటాది, బాగుంటాది, తాగండి. కల్లని మాత్రం నేను అననండి.”

రాజేంద్రప్రసాద్ ముందుకు వచ్చి, పెద్దాయన వేళాకోళమాడుతున్నాడని అందరికీ చెప్పాడు. తరువాత మెత్తగా అడిగాడు. “ఏం జగ్గారావూ, పొద్దున్నే చెట్టెక్కేవు కదా?”

“చెట్టెక్కి మూడేళ్లయిందండి. మోకాలే వంగట్లేదు, మాటేం వంగుద్దండి?”

ఎవరో పక్కున నవ్వారు. ఆవిడ ఖాళీ గ్లాసును షైనీ ముందుకు చాచింది. రాజేంద్రప్రసాద్ జగ్గారావును పక్కకు పిలిచి, రేపటి నుంచి రావద్దని గొంతు తగ్గించి చెప్పాడు.

“ఆయ్,” అన్నాడు జగ్గారావు.

తలపాగా విప్పి మడతపెట్టాడు. మోకు విప్పి చుట్టచుట్టాడు. రెండింటినీ యజమాని చేతుల్లోనే పెట్టాడు. ఆపైన షైనీని ఇంకో గ్లాసు అడిగి, అందరి మధ్యా తల ఎత్తి నిలబడి, తొందరపడకుండా చివరి బొట్టు దాకా తాగాడు. కాలు ఈడ్చుకుంటూ కాలువగట్టు వెంట వెళ్లిపోయాడు, వెనుదిరిగి చూడలేదు.

షైనీ తడిగుడ్డ తీసి, పలక మీది మొదటి రెండు మాటలను తుడిచేసింది. అతిథులు చూస్తున్నారు గనుక రాజేంద్రప్రసాద్ నవ్వు పులుముకుని వారి గ్లాసులు నింపమన్నాడు.

బల్ల చివర జగ్గారావు బోర్లించి వెళ్లిన గ్లాసు లోపలి నురగ మెల్లగా జారి, చెక్క మీద గుండ్రని తడిగీతై నిలిచింది.